తప్పు జవాబు చుట్టూ అల్లే పాఠం

చదివే మనిషి ఏదో ఒకటి చేస్తే తప్ప ముందుకు కదలని డిజిటల్ పాఠాన్ని ఇంటరాక్టివ్ పాఠం అంటారు. తెర మీద ఒక పరిస్థితి ఎదురవుతుంది. ఏం చేయాలో అభ్యాసకుడే తేల్చుకోవాలి. తేల్చుకున్నదాన్ని బట్టి తర్వాతి తెర మారుతుంది. వీడియో అందరికీ ఒకేలా నడుస్తుంది, పీడీఎఫ్ అసలు నడవనే నడవదు. చదువరి ఎక్కడ పొరబడ్డాడో ఆ రెండింటికీ తెలియదు, ఈ పాఠానికి తెలుస్తుంది. ప్రోగ్రామింగ్ రానివారు కూడా ఇలాంటి పాఠాన్ని తయారుచేసుకునే వీలు కల్పించేవే ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లు. బొమ్మలు, మాటలు, ధ్వని, ప్రశ్నలు ఒకచోట పేర్చి, ఏది నొక్కితే ఏం జరగాలో చెబితే చాలు, వెనకాల కోడంతా సాఫ్ట్‌వేరే రాసుకుంటుంది.

తెలంగాణలోని మణుగూరు లాంటి చోట ఈ పాఠాల అవసరం బడి గోడల దగ్గర ఆగదు. ఒకవైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, ఒకవైపు అశ్వాపురంలో భారజల కర్మాగారం, ఇంకోవైపు నాలుగు యూనిట్లతో 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. వీటి చుట్టూ గోదావరి, అడవి, కోయ గూడేలు. ఇక్కడ శిక్షణ ఏడాది పొడవునా సాగే పని. గనిలో కొత్తగా చేరేవారు ముందు వీటీసీ (వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్) గడప తొక్కాల్సిందే. 1966 నాటి మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ ఆ శిక్షణకు పునాది వేశాయి. ఇలాంటి పరిశ్రమల్లో కాంట్రాక్టు కార్మికులు మారుతూనే ఉంటారు, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది. చెప్పేవారికి ఆ ఉపన్యాసం కంఠతా వచ్చేస్తుంది. వినేవారికి అది ఎక్కిందా లేదా అన్నది మాత్రం హాజరు పట్టీలో సంతకం చూస్తే తెలిసేది కాదు.

కంప్యూటర్‌తో చదువు చెప్పించాలన్న ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ 1960లోనే ప్లేటో అనే వ్యవస్థను మొదలుపెట్టాడు. అందులో పాఠాలు రాయడానికి ట్యూటర్ అనే ప్రత్యేక భాష కూడా ఏర్పడింది. 1980ల చివర్లో ఆథర్‌వేర్ వచ్చాక, కోడ్ రాయకుండా తెర మీద గుర్తులను వరసగా పేర్చి పాఠం కట్టడం వీలైంది. తర్వాత చాలాకాలం బ్రౌజర్‌లో కదిలే పాఠాలు నడిపిన ఫ్లాష్‌దే రాజ్యం. 2020 డిసెంబర్ 31తో అడోబ్ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది. ఎన్నో పాఠాలు బ్రౌజర్లలో తెరుచుకోకుండా మూలన పడ్డాయి. అసలు ఫైళ్లు దాచుకున్నవారు వాటిని బ్రౌజర్లు నేరుగా తెరిచే హెచ్‌టీఎంఎల్5లోకి మార్చుకోగలిగారు, దాచుకోనివారు మొదటి నుంచి మొదలుపెట్టారు.

తెలుగు నేల మీద దూరవిద్య వేరే దారిలో వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన సైట్ ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు అందుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఇక్కడే వెలిసింది, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. కోవిడ్ కాలంలో 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడి పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ల ద్వారా పాఠాలు వినిపించారు. ఇవన్నీ మేలు చేసినవే, కానీ అన్నీ ఒకవైపు నుంచే మాట్లాడేవి. పిల్లవాడు కునికిపాట్లు పడినా టీవీ చెప్పుకుంటూ పోతుంది. 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన దీక్ష వేదికతో కొంత మార్పు వచ్చింది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాస ప్రశ్నలు తెరుచుకుంటాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. హెచ్5పీ అనే ఉచిత సాధనంతో చేసిన ఇంటరాక్టివ్ పాఠాలను కూడా దీక్ష స్వీకరిస్తుంది.

మార్కెట్లో ఉన్న ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లను మూడు నాలుగు కుదుళ్లుగా చూడవచ్చు. పవర్‌పాయింట్ తెలిసినవారికి ఐస్ప్రింగ్ సులువు, ఉన్న స్లైడ్లకే ప్రశ్నలు, ధ్వని తగిలిస్తుంది. ఆర్టిక్యులేట్ స్టోరీలైన్, అడోబ్ క్యాప్టివేట్ స్లైడ్ల పద్ధతిలోనే ఉన్నా లోతు ఎక్కువ. ఒక వస్తువుకు అనేక రూపాలు, ఒక తెర మీద అనేక పొరలు, గుర్తుపెట్టుకునే విలువలు, షరతులు అన్నీ పెట్టవచ్చు. ఆర్టిక్యులేట్ వారిదే రైజ్ అనేది వెబ్ పేజీలా కిందికి సాగే పాఠాలకు, ముఖ్యంగా ఫోన్లకు పనికొస్తుంది. ఇవన్నీ డబ్బు పెట్టి కొనాల్సినవి. కొన్నిటి ఏడాది చందా ఒక్కొక్కరికి వెయ్యి డాలర్లు దాటుతుంది. ఒక కర్మాగారానికి అది లెక్కలోకి రాకపోవచ్చు, గూడెం బడిలో ఉపాధ్యాయుడికి మాత్రం ఊహకందదు. ఆయనకు తగినవి ఉచితంగా దొరికే ఎక్స్‌ఈలెర్నింగ్, హెచ్5పీ. మొదటిది న్యూజిలాండ్‌లో పుట్టి, స్పెయిన్‌లో పెరిగింది. రెండోది నార్వే నుంచి 2013లో వచ్చింది. హెచ్5పీ పాఠాలను సొంత కంప్యూటర్ మీదే తయారుచేసి ఒకే ఫైలుగా తీసుకోవడానికి లూమి అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ గొప్పదన్న వాదన తెగేది కాదు, తెగాల్సిన అవసరమూ లేదు. బలహీనమైన పాఠాన్ని ఖరీదైన సాఫ్ట్‌వేర్ మరింత మెరిపిస్తుందే కానీ బాగుచేయదు.

పాఠం తయారీలో అసలు పని సాఫ్ట్‌వేర్ తెరవకముందే జరగాలి. ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది తేటపడుతుంది. అశ్వాపురంలోని భారజల కర్మాగారం 1991లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మామూలు నీటిలో అతి తక్కువగా ఉండే డ్యుటీరియాన్ని, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును నీటితో చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కలిపి నడపడం ద్వారా కూడగట్టే పద్ధతి అక్కడిది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఆ వాయువు చాలా విషపూరితం. అలాంటి వాయువు వాడే ఏ కర్మాగారంలోనైనా కొత్తగా అడుగుపెట్టే కార్మికుడికి దాని గురించి ఒక పాఠం కావాలనుకుందాం.

అనుభవం లేనివారు రాసే పాఠం ఇలా మొదలవుతుంది: హైడ్రోజన్ సల్ఫైడ్ రసాయన సంకేతం, అణుభారం, రంగు, రుచి, ఉపయోగాలు. పది తెరలు అయ్యాక ఐదు ప్రశ్నలు. పొరపాటున కూడా ఎవరూ తప్పు రాయలేని ప్రశ్నలు. ‘ఈ వాయువు ప్రమాదకరమా, కాదా’ అని అడిగితే కాదనే కార్మికుడు ఉండడు. శిక్షణ వర్గాల్లో చాలా పాఠాలు ఈ అచ్చులోనే పోసినవి. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే చివర్లో సర్టిఫికెట్ దొరుకుతుంది.

మంచి పాఠం ప్రశ్నను తిరగేస్తుంది. పని జరిగే చోట మనుషులు నిజంగా చేసే పొరపాట్లు ఏమిటి? హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో మొదటి పొరపాటు ముక్కును నమ్మడం. గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు కంటే తక్కువ ఉన్నప్పుడే దాని వాసన తెలుస్తుంది. వంద పాళ్ల దగ్గరికి వచ్చేసరికి కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోయి వాసన తెలియడం ఆగిపోతుంది. అంటే వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు, బాగా పెరిగి ఉండవచ్చు. రెండోది తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే చాలుననుకోవడం. ఆ వాయువును తువ్వాలు ఆపలేదు. మూడోది గాలి ఎటు వీస్తోందో చూడకుండా కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు పరుగెత్తడం. గాలి కంటే బరువైన ఈ వాయువు గుంతల్లో, కాలువల్లో నిలుస్తుంది, అటువైపే దిగితే అంతే సంగతులు. నాలుగోది అన్నిటికంటే విషాదకరమైనది: పడిపోయిన తోటి మనిషిని లాగడానికి శ్వాస పరికరం లేకుండా లోపలికి దూకడం. లోకమంతటా ఇలాంటి గ్యాస్ ప్రమాదాల్లో మొదటి మనిషి తర్వాత పోయేది కాపాడబోయినవాళ్లే.

ఈ నాలుగు పొరపాట్లే పాఠానికి నాలుగు స్తంభాలు. వీటిని పుస్తకాల్లో వెతకడం కంటే పాత షిఫ్టు ఇన్‌ఛార్జుల దగ్గర, సేఫ్టీ ఆఫీసర్ దగ్గర, తప్పించుకుని బయటపడ్డ కార్మికుల దగ్గర కూర్చుని వినడమే మేలు. పాఠం రాసేవారికి అక్కడ ఒక గంట గడపడం సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి పెట్టే వారం కంటే ఎక్కువ లాభం.

తర్వాతి మెట్టు స్టోరీబోర్డ్. కాగితం మీదో, ఒక పట్టికలోనో ఒక్కో తెరకు ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, అభ్యాసకుడు ఏం చేయవచ్చు, చేస్తే ఎక్కడికి వెళ్తాడు అన్నది రాసుకోవాలి. మన ఉదాహరణలో మొదటి తెర ఇలా ఉండవచ్చు. పైపుల మధ్య ఇద్దరు నడుస్తుంటారు. కోడిగుడ్డు వాసన వచ్చి, కాసేపటికి మాయమవుతుంది. చిన్నవాడు అంటాడు: ‘అన్నా, వాసన పోయింది గదా, వాల్వు చూసొద్దామా?’ కింద మూడు బటన్లు: ‘పోదాం పద’, ‘తువ్వాలు తడిపి కట్టుకుని పోదాం’, ‘ఆగు, గాలి ఎటు వీస్తోందో చూడు’. మొదటిది నొక్కితే ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అని ఎర్ర అక్షరాలు వస్తే పాఠం అక్కడే చచ్చిపోతుంది. దానికి బదులు కథ నడవాలి. ఇద్దరూ నాలుగు అడుగులు వేస్తారు, చిన్నవాడి జేబుకున్న గ్యాస్ మీటర్ అరుస్తుంది, అంకె వంద దాటుతుంది, ‘మనకు వాసనెందుకు రావట్లేదు?’ అని వాడే అడుగుతాడు. ఆ ప్రశ్న అభ్యాసకుడి బుర్రలోనూ మెదిలిన క్షణంలో ముక్కు మొద్దుబారే సంగతి చెబితే జీవితంలో మరచిపోడు. అదే సంగతి మూడో తెరలో బుల్లెట్ పాయింటుగా చెబితే మధ్యాహ్నం భోజనానికి ముందే మరచిపోతాడు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పని మొదలవుతుంది, ఇక్కడి నుంచి అంతా యాంత్రికమే. స్టోరీలైన్‌లో అయితే ఒక్కో బటన్‌కు ఒక ట్రిగ్గర్ కడతారు: ‘నొక్కినప్పుడు ఫలానా పొర చూపించు’. చిన్నవాడి ముఖానికి మామూలు, భయం, అలసట అని మూడు రూపాలు ఇస్తారు. అభ్యాసకుడు గాలివాటు చూశాడా లేదా అన్నదాన్ని, విలువను గుర్తుపెట్టుకునే ఒక వేరియబుల్‌లో దాచిపెడితే, పాఠం చివర్లో తప్పించుకునే దారి ఎంచుకునేటప్పుడు దాన్ని బట్టి కథ మారుతుంది. హెచ్5పీలో ఇదే పనికి ‘బ్రాంచింగ్ సినారియో’ అనే రకం ఉంది, చెట్టు కొమ్మల్లా దారులు గీసుకుంటూ పోవచ్చు. కొమ్మలు ఎక్కువైతే మాత్రం రాసేవారే దారి తప్పుతారు. ప్రతి ఎంపికకూ కొత్త లోకం సృష్టించనక్కర్లేదు. రెండు మూడు తెరలు పక్కకు వెళ్లి మళ్లీ ప్రధాన దారిలో కలిసేలా కడితే పని సగానికి తగ్గుతుంది, అభ్యాసకుడికి తేడా తెలియదు.

బొమ్మలు లాగి గళ్లలో పడేయడం, చక్రం తిప్పడం లాంటి ఆటలకు కొత్తగా నేర్చుకున్నవారు మురిసిపోతారు. పనిలో చేతులు చేసే కదలికకూ తెర మీది కదలికకూ పోలిక ఉంటేనే అవి పనికొస్తాయి. శ్వాస పరికరం తొడిగే మెట్లను వరసగా పేర్చమనడం సబబు. రసాయన పేర్లను బుట్టల్లో వేయమనడం కాలక్షేపం. ఎంత బాగా కట్టిన పాఠమైనా పరికరాన్ని చేతికిచ్చి తొడిగించడానికి ప్రత్యామ్నాయం కాదు. పాఠం ముందు పూర్తిచేసి వస్తే శిక్షణ తరగతిలో సమయమంతా చేతి పనికి మిగులుతుంది.

తెలుగులో పాఠం చేసేవారికి అదనంగా కొన్ని చిక్కులున్నాయి. పత్రికలు, డీటీపీ కేంద్రాలు ఏళ్ల తరబడి వాడిన అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యాన్ని యథాతథంగా అతికిస్తే, ఆ ఫాంట్ లేని ఫోన్‌లో పిచ్చి గీతలే కనిపిస్తాయి. అందుకే మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాయాలి, పాత పాఠ్యం ఉంటే మార్పిడి చేసుకోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోతాయి, తలకట్టు తెగుతుంది. పైన గుడి, కింద వత్తు ఉన్న అక్షరాలకు ఇంగ్లిష్ కంటే ఎక్కువ వరుస ఎడం కావాలి, బటన్లు పొడవుగా ఉండాలి. ఫాంట్ల కొరత మాత్రం ఇప్పుడు లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర వంటివి, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. అక్షరాలను సాఫ్ట్‌వేర్ బొమ్మలుగా మార్చి ప్రచురిస్తే చూపుకు తేడా ఉండదు కానీ చూపులేనివారి ఫోన్ వాటిని చదివి వినిపించలేదు. ప్రచురించాక ఏదైనా వాక్యాన్ని వేలితో ఎంచుకోగలిగితే అది అక్షరమే, లేకపోతే బొమ్మ.

అక్షరం కంటే ధ్వనికి ఇక్కడ ఎక్కువ విలువ. చదవడం అంతంతమాత్రమైన కార్మికుడికి ప్రతి తెరా వినిపించాలి. మణుగూరు చుట్టుపక్కల గూడేల్లో చాలామందికి ఇంటి భాష కోయ. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన మాతృభాషా బోధన కార్యక్రమం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పుస్తకాలు తెచ్చినప్పుడు వాటిలో కోయ కూడా ఉంది. ఆ పుస్తకాలను తెలుగు లిపిలోనే అచ్చువేశారు. డిజిటల్ పాఠంలో రెండు భాషలు పెట్టడం పుస్తకం కంటే తేలిక. మొదటి తెరలో ‘తెలుగు’, ‘కోయ’ అని రెండు బటన్లు పెట్టి, ఎంచుకున్నదాన్ని ఒక వేరియబుల్‌లో దాచి, ప్రతి తెరలో దానికి తగిన ధ్వని ఫైలును నడిపించాలి. గొంతు ఆ ఊరివాళ్లదే అయితే మేలు. కంప్యూటర్ గొంతు తెలుగులో ఇప్పుడు పర్వాలేదనిపిస్తుంది కానీ ‘షావెల్’, ‘ఓబీ’ లాంటి గని మాటల దగ్గర తడబడే గొంతును గని మనిషి నమ్మడు. రికార్డింగ్‌కు స్టూడియో అవసరం లేదు. ఫ్యాన్ ఆపిన గది, దుప్పటి కప్పిన గోడ, చవకైన కాలర్ మైకు చాలు. ఒకే ఛానెల్‌లో 64 కిలోబిట్ల ఎంపీ3గా భద్రపరిస్తే నిమిషానికి అర మెగాబైటు కూడా పట్టదు. అదే నిమిషం మామూలు వీడియోకు పది మెగాబైట్ల వరకు కావచ్చు. అడవి దారిలో సిగ్నల్ వచ్చీ పోయే చోట ఈ తేడా చిన్నది కాదు.

పాఠం పూర్తయ్యాక దాన్ని ప్రచురించాలి. ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది వెబ్ రూపం, సర్వర్‌లో పెట్టి లింకు పంపితే చాలు. ఎవరు చదివారో మాత్రం తెలియదు. రెండోది ఒకే ఫైలుగా తీసి పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్ నుంచి ఫోన్‌కో పంపడం, నెట్ లేని బడికి ఇది అనువైనది. మూడోది స్కార్మ్ ప్యాకేజీ. ఎవరు ఎప్పుడు పూర్తిచేశారు, ఎన్ని మార్కులు వచ్చాయి అన్నది సంస్థ లెక్కగట్టాలంటే ఇదే దారి.

స్కార్మ్ అమెరికా రక్షణ శాఖ పూనికతో వచ్చిన ప్రమాణం. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాఠమైనా, పాఠాలు నడిపి మార్కులు నమోదుచేసే ఏ కంపెనీ ఎల్‌ఎంఎస్‌లోనైనా నడవాలన్నదే దాని ఉద్దేశం. చూడటానికి అది మామూలు జిప్ ఫైలే. లోపల పాఠం ఫైళ్లతో పాటు ఐఎంఎస్‌మేనిఫెస్ట్ అనే జాబితా ఫైలు ఉంటుంది. ఏ ఫైలుతో మొదలుపెట్టాలో ఎల్‌ఎంఎస్ దాన్ని చూసే తెలుసుకుంటుంది. పాఠం నడుస్తున్నంతసేపూ ఎల్‌ఎంఎస్‌కు ‘ఇక్కడిదాకా వచ్చాడు, ఇన్ని మార్కులు, పూర్తయింది’ అని కబుర్లు చేరవేస్తూ ఉంటుంది. 2001లో వచ్చిన స్కార్మ్ 1.2 నేటికీ అందరూ అంగీకరించే రూపం. దానిలో రెండు లొసుగులు తెలుసుకోవాలి. పూర్తిచేయడం, ఉత్తీర్ణత అనే రెండు సంగతులకూ ఒకే గడి ఉంది; స్కార్మ్ 2004లో ఇవి వేరయ్యాయి. అభ్యాసకుడు ఎక్కడ ఆపాడో గుర్తుపెట్టుకోవడానికి ఇచ్చిన చోటు 4096 అక్షరాలు మాత్రమే. పెద్ద పాఠం ఆ హద్దు దాటితే, మధ్యలో ఆపి మర్నాడు తెరిచిన కార్మికుడు మళ్లీ మొదటి తెర దగ్గరే తేలుతాడు. తప్పు ఫోన్‌దనుకుంటారు, నెట్‌దనుకుంటారు. పాఠాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టడమే దీనికి మందు. కొత్త ప్రమాణమైన ఎక్స్‌ఏపీఐ 2013లో వచ్చింది. ‘ఎవరు, ఏం, దేన్ని చేశారు’ అనే వాక్యాల రూపంలో ఇది సమాచారం పంపుతుంది. సిమ్యులేటర్ మీద చేసిన అభ్యాసాన్ని కూడా నమోదు చేయగలదు.

ఎల్‌ఎంఎస్ కోసం డబ్బు లేనివారికి మూడుల్ ఉంది. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ తయారుచేసిన ఈ ఉచిత వ్యవస్థ మొదటి రూపం 2002లో విడుదలైంది. దాని ఫోన్ యాప్‌లో స్కార్మ్ 1.2, హెచ్5పీ పాఠాలను దించుకుని నెట్ లేకుండా చదవవచ్చు. మళ్లీ సిగ్నల్ అందినప్పుడు మార్కులు తమంతట తామే సర్వర్‌కు చేరతాయి. క్యాంటీన్ వైఫై దగ్గర దించుకుని, ఇంటి దగ్గర చదివి, మర్నాడు షిఫ్టుకు వచ్చినప్పుడు మార్కులు ఎక్కించుకునే వీలుందన్నమాట.

అందరికీ పంపేముందు నలుగురైదుగురి చేతికిచ్చి చూడాలి. వారిలో కనీసం ఒకరు స్మార్ట్‌ఫోన్ అంతగా అలవాటు లేనివారై ఉండాలి, ఫోన్ కూడా వారిదే అయి ఉండాలి. రాసినవారు పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడాలి. ఇది చాలామందికి కష్టం. మనిషి ఎక్కడ ఆగాడు, బటన్ కాని దేన్ని బటన్ అనుకుని నొక్కాడు, ఎక్కడ ధ్వని అయిపోకముందే ముందుకు వెళ్లాలని చూశాడు అన్నవి రాసుకుంటే మార్పులకు జాబితా సిద్ధమవుతుంది. అభ్యాసకుడు తెర దాటకుండా తాళాలు వేయడం వీలైనంత తగ్గించాలి. తెలిసినవాడిని తెలిసిన తెర దగ్గర కట్టేస్తే ధ్వని తగ్గించి ఫోన్ పక్కన పెట్టేస్తాడు.

ప్రచురించిన తర్వాత ప్రశ్నవారీ నివేదిక చూడటం చాలామంది వదిలేసే పని. ఒక ప్రశ్నకు అందరూ సరైన జవాబే ఇస్తుంటే అది తేలిక ప్రశ్న, తీసేయవచ్చు. చాలామంది ఒకే తప్పు జవాబు ఎంచుకుంటుంటే రెండు కారణాలుండవచ్చు: ప్రశ్న అర్థం కాకపోవడం, లేదా ఆ తప్పు నిజంగానే పనిచోట వేళ్లూనుకుని ఉండటం. రెండోదైతే ఆ సంగతి పాఠం రాసేవారి దగ్గర ఆగకూడదు, సేఫ్టీ ఆఫీసర్ బల్ల మీదికి వెళ్లాలి. పాఠం మార్చేటప్పుడు పాత ప్యాకేజీ మీదే కొత్తది ఎక్కిస్తే సగంలో ఉన్నవారి గుర్తులు చెరిగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి కొత్త కూర్పును వేరే పేరుతో పెట్టి, పాతది మొదలుపెట్టినవారిని అందులోనే పూర్తిచేయనివ్వాలి. ప్రచురించిన జిప్ నుంచి మూల పాఠాన్ని తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. సాఫ్ట్‌వేర్ అసలు ఫైలు, ధ్వని రికార్డింగులు, స్టోరీబోర్డ్ ఈ మూడింటినీ ఒకే ఫోల్డర్‌లో తేదీ వేసి, రెండు చోట్ల దాచుకోవాలి.